సెమినార్ హాల్లో పదిహేను నిమిషాలు: అకడమిక్ ప్రెజెంటేషన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కాన్ఫరెన్స్‌లో పేపర్ చెప్పాలన్నా, డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో మాట్లాడాలన్నా, వైవాకి (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకి) సిద్ధం కావాలన్నా పరిశోధక విద్యార్థులు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబుంది, కొన్నిటికి లేదు. ఎక్కువమంది తడబడే చోట కాస్త ఎక్కువ రాశాను.

పేపర్ రాసే ఉంది కదా, దాన్నే చదివేస్తే సరిపోదా?

సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం లాంటి విభాగాల్లో రాసుకొచ్చిన వ్యాసాన్ని చదవడం ఇప్పటికీ ఉంది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అచ్చు కోసం రాసిన వ్యాసాన్ని అలాగే పైకి చదివితే హాల్లో సగం మంది ఐదో నిమిషానికి ఫోన్లు తీస్తారు.

కారణం సులువే. పేపర్ చదివే మనిషి అర్థంకాని వాక్యం దగ్గర ఆగుతాడు, మళ్లీ చదువుతాడు, పేజీ వెనక్కి తిప్పి పట్టిక చూసి వస్తాడు. వినే మనిషికి ఆ వీలు లేదు. ఒక వాక్యం జారిపోతే తర్వాతి మూడూ దాని వెంటే పోతాయి. కాబట్టి చదవడమే ఆనవాయితీ అయినా, చెవి కోసం వేరే ప్రతి రాసుకోండి. వాక్యాలు చిన్నవిగా ఉండాలి. 'పైన పేర్కొన్న', 'మొదటిదాని విషయంలో' లాంటి మాటలు తీసేయండి. పైన ఏముందో వినేవాళ్లకి కనిపించదు. ఆ వస్తువు పేరే మళ్లీ చెప్పండి. అచ్చులో విసుగనిపించే పునరుక్తి చెవికి సాయమే చేస్తుంది.

పేపర్‌లో ఉన్నదంతా చెప్పనక్కర్లేదు. విన్నవాళ్లు బయటికొచ్చి మీ పేపర్ వెతుక్కుంటే ప్రెజెంటేషన్ తన పని చేసినట్టే.

తయారీ ఎక్కడ మొదలుపెట్టాలి?

స్లయిడ్ల దగ్గర మాత్రం కాదు. పవర్‌పాయింట్ తెరవగానే మొదటి స్లయిడ్‌లో శీర్షిక, రెండో దానిలో విషయసూచిక, మూడో దానిలో పరిచయం, ఇలా చెయ్యి దానంతటదే నడిచిపోతుంది. గంట తర్వాత చూస్తే పాతిక స్లయిడ్లుంటాయి, చెప్పాల్సింది ఏమిటో మాత్రం ఇంకా తేలదు.

ఒక కాగితం తీసుకుని ఒకే ఒక్క వాక్యం రాయండి: ఈ హాల్లోంచి వెళ్లేవాళ్లు రేపటికి ఏ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి? చాలామంది ఇక్కడ వాక్యం బదులు విషయం రాస్తారు. 'చెరువుల్లో నీటి నాణ్యతపై అధ్యయనం' అన్నది విషయం. 'పెద్ద వాన తర్వాత చెరువులో ఆక్సిజన్ పడిపోవడానికి ముఖ్య కారణం బయటి నుంచి వచ్చిన మురుగు కాదు, అడుగున కదిలిన బురద' అన్నది వాక్యం. మొదటిదాన్ని ఎవరూ కాదనలేరు, కాదనడానికి అందులో ఏమీ లేదు కాబట్టి. రెండోది వినగానే 'ఎలా చెప్పగలరు?' అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ 'ఎలా'కి జవాబే మీ ప్రెజెంటేషన్.

వాక్యం కుదిరాక అది జల్లెడలా పనికొస్తుంది. ఆరు నెలలు కూర్చుని చేసిన ప్రయోగమే అయినా, ఆ వాక్యాన్ని నిలబెట్టడానికి అక్కర్లేకపోతే పక్కన పెట్టాలి. చెప్పినంత తేలిక కాదిది. పడ్డ కష్టమంతా జనానికి చూపించాలనే ఉంటుంది ఎవరికైనా. పక్కన పెట్టినవాటిని చివరి స్లయిడ్ తర్వాత దాచుకోండి, ప్రశ్నల సమయంలో అక్కరకొస్తాయి.

వాక్యం రానే రావడం లేదా? అయితే చిక్కు ప్రెజెంటేషన్‌లో లేదు. ఫలితాలతో మరోసారి కూర్చోవాలి, లేదా గైడ్‌తో మాట్లాడాలి.

వినేవాళ్లు ఎవరో ముందే తెలియదు. ఏ స్థాయిలో చెప్పాలి?

కొంత తెలుసుకోవచ్చు. కార్యక్రమ పత్రంలో మీ సెషన్ పేరు, మీకు ముందూ వెనకా మాట్లాడేవాళ్ల శీర్షికలు చూస్తే హాల్లో ఎలాంటివాళ్లు ఉంటారో అంచనాకొస్తుంది. అయినా తేలకపోతే, మీ డిపార్ట్‌మెంట్‌లోనే వేరే అంశం మీద పనిచేసే తోటి విద్యార్థిని మనసులో పెట్టుకుని చెప్పండి. మీ అంతగా తెలియదు, కానీ తెలివైన మనిషి.

మరీ తేలిగ్గా చెబితే పెద్దవాళ్లు చిన్నచూపు చూస్తారేమో అని భయపడతారు. తెలిసిన విషయాన్నే అర నిమిషంలో శుభ్రంగా చెబితే ఏ ప్రొఫెసరూ నొచ్చుకోగా నేను చూడలేదు. వివరించకుండా వదిలేసిన పొడి అక్షరాల సంక్షిప్త పదాలకి మాత్రం చాలామంది విసుక్కుంటారు.

15 నిమిషాలిచ్చారు. ఎన్ని స్లయిడ్లు? సమయం ఎలా పంచుకోవాలి?

ముందు ఒకటి కనుక్కోండి: ఆ 15లో ప్రశ్నలు కలిసి ఉన్నాయా లేదా? చాలా చోట్ల 12 నిమిషాలు మాట, 3 నిమిషాలు ప్రశ్నలు. అంటే మీ చేతిలో ఉన్నది 12. రిహార్సల్ 11కే ముగియాలి, ఎందుకంటే మైక్ సర్దుకోవడానికీ స్లయిడ్లు తెరవడానికీ పోయే సమయం కూడా మీ ఖాతాలోదే.

నిమిషానికొక స్లయిడ్ అనే లెక్క చాలామంది చెబుతారు. మోటు లెక్కే అయినా మొదటిసారికి మంచిదే. ఒకే గ్రాఫ్ మీద మూడు నిమిషాలు మాట్లాడాల్సి రావచ్చు, ఒక ఫొటో పది సెకన్లలో వెళ్లిపోవచ్చు. రాసుకుని మాట్లాడేవాళ్లకి ఇంకో సంగతి. నిమిషానికి 120 నుంచి 150 పదాలని పుస్తకాల్లో కనిపించే లెక్క ఇంగ్లీషుది. తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ పదంలోనే కలిసిపోయి పదం పొడవవుతుంది కాబట్టి నిమిషానికి పట్టే పదాలు తక్కువ. ఒక పేజీ పైకి చదివి టైమర్‌తో కొలుచుకోవడం మేలు.

నా మొదటి కాన్ఫరెన్స్‌లో 12 నిమిషాలకి 34 స్లయిడ్లు పట్టుకెళ్లాను. తొమ్మిదో నిమిషానికి ఇంకా పూర్వ పరిశోధనల దగ్గరే ఉన్నాను. సెషన్ నడిపే చైర్‌గా ఉన్నాయన లేచి నిలబడేసరికి చివరి పదిహేను స్లయిడ్లూ సినిమా రీలులా తిప్పేశాను. నా ఫలితం అందులోనే ఎక్కడో వెళ్లిపోయింది. తర్వాత టీ దగ్గర ఒకాయన, 'ఇంతకీ మీరు కనుక్కున్నదేమిటి?' అని నిజంగానే తెలియక అడిగాడు.

ఆ తప్పు నా ఒక్కడిదే కాదని తర్వాత అర్థమైంది. విద్యార్థుల ప్రెజెంటేషన్లలో ఎక్కువ సమయం తినేసేది నేపథ్యమే. ఎందుకంటే అది బాగా చదువుకున్న భాగం, ధైర్యంగా చెప్పగలిగిన భాగం. 12 నిమిషాల్లో సమస్యకీ పూర్వ పరిశోధనకీ కలిపి రెండున్నర, పద్ధతికి రెండు, ఫలితాలకి ఐదు, వాటి అర్థానికీ పరిమితులకీ రెండు. మిగిలిన ముప్ఫై సెకన్లు ఎలాగూ ఎక్కడో పోతాయి. సిద్ధాంతమే మీ కొత్తదనం అయితే ఈ లెక్క తిరగబడుతుంది. మీరు కొత్తగా చేసినదానికే పెద్ద వాటా దక్కుతోందా అన్నది మాత్రం చూసుకోండి.

విషయసూచిక స్లయిడ్ నాకు నచ్చదు. 'మొదట పరిచయం, తర్వాత పద్ధతి, తర్వాత ఫలితాలు' అని చెప్పడం వల్ల ఎవరికీ కొత్తగా తెలిసేదేమీ లేదు. గంటసేపు మాట్లాడేటప్పుడైతే పెట్టుకోండి.

మొదటి నిమిషంలో ఏం చెప్పాలి?

మీ పేరు చైర్ చెప్పే ఉంటారు. శీర్షిక తెర మీద ఉంది. ఆ రెండూ మళ్లీ చదివి, 'నాకు ఈ అవకాశం ఇచ్చినందుకు' అని మొదలుపెడితే జనం అత్యంత శ్రద్ధగా వినే నలభై సెకన్లు వృథా. ఒక నమస్కారం పెట్టి నేరుగా సమస్యలోకి వెళ్లండి. చెరువు ఉదాహరణే తీసుకుంటే: 'రాత్రి పెద్ద వాన పడింది. మూడో రోజు పొద్దున చెరువు నిండా చచ్చిన చేపలు తేలాయి. మురుగు కలిసిందని అందరూ అన్నారు. మేం కొలిచి చూస్తే మురుగు లెక్క సరిపోలేదు.' నాలుగు వాక్యాల్లో సమస్య, అందరూ అనుకునేది, మీ అనుమానం మూడూ వచ్చేశాయి. కృతజ్ఞతలు చివర చెప్పొచ్చు.

మొదటి మూడు వాక్యాలు మాత్రం కంఠతా వచ్చి ఉండాలి. గొంతు తడారిపోయే సమయమది.

స్లయిడ్ మీద ఎంత రాయాలి?

మీరు అనుకునేదానికన్నా తక్కువ. తెర మీద వాక్యాలుంటే కన్ను వాటిని చదువుతుంది, అదే సమయంలో చెవి మిమ్మల్ని వినాలి. రెండూ మాటలే కాబట్టి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. మల్టీమీడియా బోధన మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ చూపించినది ఇదే: బొమ్మకి మాట తోడైతే బాగా ఎక్కుతుంది, ఆ మాటనే అక్షరాల్లో కూడా పక్కన పెడితే లాభం తగ్గుతుంది.

స్లయిడ్ ఎలా ముంచగలదో చూపడానికి నేను ఎప్పుడూ చెప్పేది కొలంబియా వ్యోమనౌక సంగతి. 2003 జనవరిలో అది పైకి లేచేటప్పుడు ఇంధన ట్యాంకు మీది ఫోమ్ (నురుగులాంటి పూత) ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. అది ప్రమాదమా కాదా అని కింద ఇంజనీర్లు లెక్కలు వేసి నాసా అధికారులకి స్లయిడ్లలో చూపించారు. వాటిలో ఒక ముఖ్యమైన స్లయిడ్‌కి పెట్టిన శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. దాని కింద బుల్లెట్లు, వాటి కింద ఉప బుల్లెట్లు. అట్టడుగున చిన్న అక్షరాల్లో అసలు సంగతి: పరీక్షలు చేసింది 3 ఘనపు అంగుళాల ముక్కలతో, ఇప్పుడు తగిలిన ముక్క అంచనా 1920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. చేతిలో ఉన్న పరీక్షల సమాచారం ఈ పరిస్థితికి పనికిరాదని చెప్పే వాక్యం అది. అది శీర్షికలో ఉండాల్సింది. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక ముక్కలైంది, కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. ప్రమాదానికి స్లయిడ్ ఒక్కటే కారణం అనలేం. కానీ విచారణ సంఘం తన నివేదికలో ఆ స్లయిడ్‌ని ప్రత్యేకంగా ఎత్తి చూపింది, సాంకేతిక నివేదికల బదులు స్లయిడ్లతో సరిపెట్టే అలవాటునే తప్పుపట్టింది.

అక్కడి నుంచి మనం తీసుకోగలిగినది శీర్షిక. 'ఫలితాలు' అనో 'చర్చ' అనో రాయకుండా, ఆ స్లయిడ్ ఏం చెబుతోందో పూర్తి వాక్యంగా పైన పెట్టండి: 'బురద కదిలిన చోటే ఆక్సిజన్ పడిపోయింది.' కింద దానికి రుజువుగా ఒక బొమ్మో గ్రాఫో. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఇంజనీర్లకి రాయడం, మాట్లాడటం నేర్పే అధ్యాపకుడు మైకేల్ ఆలీ ముఖ్యుడు. చేసి చూస్తే ఇంకో లాభం తెలుస్తుంది: శీర్షికగా వాక్యం రాయలేకపోయిన స్లయిడ్ సాధారణంగా అనవసరమైన స్లయిడ్.

అక్షరాలు 24 పాయింట్లకి తగ్గకుండా చూసుకోండి. ఫాంట్ ఏదని తల బద్దలు కొట్టుకోకండి. 2012 జులై 4న యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్‌లో హిగ్స్ బోసాన్‌ని పోలిన కొత్త కణం దొరికిందని ప్రకటించినప్పుడు, ఒక ప్రయోగ బృందం తరఫున మాట్లాడిన ఫాబియోలా జానొట్టి స్లయిడ్లు కామిక్ శాన్స్‌లో ఉన్నాయి. ఇంటర్నెట్ నవ్వింది, ఫలితం నిలబడింది. అయినా మీరు ఆ ఫాంట్ వాడమని నేను చెప్పడం లేదు.

గ్రాఫ్‌లు, పట్టికలు ఎలా చూపించాలి?

పేపర్‌లోంచి కత్తిరించి అతికించకండి. అక్కడి గ్రాఫ్‌లో ఆరు గీతలు, గింజంత అక్షరాలు ఉంటాయి. తెర కోసం మళ్లీ గీయండి, కావాల్సిన రెండు గీతలు ఉంచండి, వాటి పక్కనే పేర్లు రాయండి.

చూపించేటప్పుడు ఒక క్రమం ఉంది. గ్రాఫ్ రాగానే 'ఇక్కడ చూస్తే స్పష్టంగా తెలుస్తోంది' అనేస్తారు. మీరు దాన్ని రెండేళ్లుగా చూస్తున్నారు, వాళ్లు ఇప్పుడే చూస్తున్నారు. అడ్డంగా ఏముంది, నిలువుగా ఏముంది, ఒక్కో చుక్క అంటే ఏమిటి అని ముందు చెప్పండి. ఒక్క క్షణం ఆగండి. తర్వాత ఎక్కడ చూడాలో చూపించండి. మొత్తం కలిపి ఇరవై సెకన్లు.

ఎరుపు, ఆకుపచ్చ గీతలు పక్కపక్కన వాడకండి. ఆ రెండు రంగుల మధ్య తేడా సరిగా తెలియని మగవాళ్లు, యూరప్ మూలాల జనాభాలో, నూటికి ఎనిమిది మంది దాకా ఉంటారు. నీలం, నారింజ జంట మేలు. రంగుతో పాటు ఒకదాన్ని చుక్కల గీతగా గీస్తే ప్రొజెక్టర్ వెలవెలబోయినా ఇబ్బంది లేదు.

నలభై అంకెల పట్టిక పెట్టి 'ఇది మీకు కనిపించకపోవచ్చు' అంటూ క్షమాపణ చెప్పేవాళ్లని చూసే ఉంటారు. కనిపించదని ముందే తెలిసినప్పుడు పెట్టడం దేనికి? కావాల్సిన రెండు అంకెలు పెద్దగా రాయండి.

సమీకరణాలు తప్పనిసరి అయితే?

ఒక్కటి చూపించండి. అందులోని ప్రతి గుర్తూ దేనికో మాటల్లో చెప్పండి. నిరూపణ మొత్తం పేపర్‌లో ఉంది, దాని వెనకున్న ఆలోచన మాత్రం చెబితే చాలు.

బట్టీ పట్టాలా, చూసి చెప్పాలా?

మొత్తం బట్టీ పడితే ఒక పదం మరిచిపోగానే దారి తప్పుతారు, గొంతు కూడా పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. మొత్తం చూసి చదివితే తల వంగే ఉంటుంది. మధ్యే మార్గం: మొదటి మూడు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు, ఒక భాగం నుంచి ఇంకో భాగానికి మారే చోట చెప్పే వాక్యాలు, వీటిని మాత్రం కంఠతా పట్టండి. మిగతాది ముఖ్యమైన మాటల సాయంతో మీ సొంత ధోరణిలో చెప్పండి.

ఆ మారే వాక్యాలే చాలామంది మరిచిపోతారు. 'నెక్స్ట్ స్లయిడ్' అన్నది మారే వాక్యం కాదు. 'మురుగు కాదని తేలింది, మరి ఏమిటి?' అన్నది మారే వాక్యం.

రిహార్సల్ ఎన్నిసార్లు చేయాలి?

మనసులో అనుకోవడం లెక్కలోకి రాదు. మనసులో ఎవరూ తడబడరు, అందరూ ఎనిమిది నిమిషాల్లో ముగిస్తారు. నిలబడి, పైకి, టైమర్ పెట్టుకుని కనీసం మూడుసార్లు చెప్పండి. ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి వినండి. సొంత గొంతు వినడం ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా వినండి. ఒకసారి మీ అంశం తెలియని మనిషి ముందు చెప్పి, 'బాగుందా?' అని అడగకుండా 'నేను చెప్పిందేమిటి?' అని అడగండి. బాగుందా అంటే బాగుందనే చెబుతారు.

ప్రతిసారీ ఒకే చోట నాలుక తడబడుతుంటే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. చాలాసార్లు అక్కడ తర్కంలోనే మెట్టు ఒకటి లేదు.

మైక్ ముందు నిలబడితే చేతులు వణుకుతాయి. టెన్షన్ పోయే దారి ఉందా?

పూర్తిగా పోదు. ఏళ్లుగా పాఠాలు చెప్పేవాళ్లకీ మొదటి నిమిషంలో గుండె వేగం పెరుగుతుంది. తగ్గించుకునే దారులు మాత్రం ఉన్నాయి.

మొదటిది, మీ టెన్షన్ మీకు తెలిసినంతగా వాళ్లకి కనిపించదు. కెనెత్ సవిట్స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వవేత్తలు 2003లో దీన్ని పరీక్షించారు. మాట్లాడేవాళ్లు తమ కంగారు ఎంత బయటపడిందని అనుకున్నారో, చూసేవాళ్లకి అంత కనిపించలేదు. ఆ సంగతి ముందే చెప్పి మాట్లాడించినవాళ్లు మిగతావాళ్ల కన్నా బాగా మాట్లాడారు కూడా. కాబట్టి 'క్షమించండి, కొంచెం టెన్షన్‌గా ఉంది' అని మీరే చాటింపు వేయక్కర్లేదు.

రెండోది, 'శాంతించు, శాంతించు' అని తనకు తాను చెప్పుకోవడం పెద్దగా పనిచేయదు. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాల్లో, మాట్లాడే ముందు 'నాకు ఉత్సాహంగా ఉంది' అని పైకి అనుకున్నవాళ్లు, ప్రశాంతంగా ఉండాలని చెప్పుకున్నవాళ్ల కన్నా మెరుగ్గా మాట్లాడారు. కంగారులోనూ ఉత్సాహంలోనూ గుండె ఒకేలా కొట్టుకుంటుంది. కొట్టుకునే గుండెని ఆపడం కన్నా దానికి వేరే పేరు పెట్టడం తేలిక.

ఇక చిన్న చిన్న విషయాలు. నోట్సు పల్చటి కాగితం మీద ఉంటే వణుకు రెట్టింపై కనిపిస్తుంది, అట్ట ముక్క మీద రాసుకోండి. లేజర్ పాయింటర్ కూడా అంతే, చెయ్యి వణికితే చుక్క గోడంతా తిరుగుతుంది. కావాల్సిన చోట స్లయిడ్‌లోనే బాణం గుర్తు పెట్టేస్తే దాని అవసరమే ఉండదు. పదిహేను నిమిషాలు ముందే హాలుకి వెళ్లి ఇద్దరితో మాట కలపండి. తర్వాత మాట్లాడేటప్పుడు తెలిసిన ముఖాలు రెండుంటాయి.

నా భాష కాని భాషలో చెప్పాలి. యాసని చూసి నవ్వుతారేమో?

యాసతో ఇబ్బంది తక్కువ, వేగంతో ఎక్కువ. భయం వల్ల వేగం పెరుగుతుంది, వేగం వల్ల యాస అర్థంకాకుండా పోతుంది. నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో చెప్పండి. మీ ప్రెజెంటేషన్‌లో పదేపదే వచ్చే ఐదారు సాంకేతిక పదాల ఉచ్చారణ ముందే సరిచూసుకోండి, అవి తెర మీద కూడా కనిపించేలా చూడండి. నోరు తిరగని పదం ఉంటే వేరే పదం వాడండి. రాసేటప్పుడు తెలుగులో అనుకుని అనువదించుకుంటే వాక్యాలు పొడవైపోతాయి, ఆ భాషలోనే పొట్టి వాక్యాలుగా మొదలుపెట్టడం మేలు.

ప్రశ్నలంటేనే భయం. ఎలా సిద్ధపడాలి?

రావొచ్చనుకున్న పది ప్రశ్నలు రాసుకోండి. అందులో ఈ ఐదు ఎలాగూ వస్తాయి: నమూనా ఇంత చిన్నదేం, ఆ పద్ధతే ఎందుకు, ఫలానావాళ్ల ఫలితంతో ఎందుకు కలవలేదు, వేరే కారణం ఉండకూడదా, ఇది ఇంకో చోట వర్తిస్తుందా. వాటికి ఒక్కో స్లయిడ్ చివర దాచుకోండి. ప్రశ్న రాగానే 'దానికి నా దగ్గర ఒక గ్రాఫ్ ఉంది' అని తీసి చూపించినప్పుడు హాల్లో మీ మీద కుదిరే నమ్మకం, ప్రెజెంటేషన్ మొత్తంలోనూ కుదిరి ఉండదు.

ప్రశ్న పూర్తయ్యేదాకా వినండి. సగం వినగానే జవాబు మొదలుపెడితే తరచూ అడగని ప్రశ్నకి జవాబు చెబుతాం. తర్వాత ప్రశ్నని మీ మాటల్లో ఒకసారి చెప్పండి: 'వాన లేని రోజుల్లో కొలిచారా అని మీరడుగుతున్నారు, అంతేనా?' వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతుంది, మీకు అర్థమైందో లేదో తేలుతుంది, ఆలోచించుకోవడానికి ఐదు సెకన్లు దొరుకుతాయి. జవాబు ముప్ఫై నలభై సెకన్లు చాలు.

జవాబు తెలియకపోతే?

తెలియదని చెప్పండి. ఒట్టి 'తెలియదు' కన్నా ఒక అడుగు ముందుకు: 'అది మేం కొలవలేదు. కొలవాలంటే అడుగు బురదని వేరుగా తీసి పరీక్షించాలి.' తెలియనిదాన్ని తెలిసినట్టు అల్లితే హాల్లో కనీసం ఒక్కరికైనా దొరికిపోతారు, ఆ ఒక్కరే రేపు మీ పేపర్‌ని పరిశీలించే మనిషి కావచ్చు.

ప్రశ్న అడుగుతానని లేచి తన ప్రసంగమే మొదలుపెట్టే మనిషిని ఏం చేయాలి?

ప్రతి హాల్లోనూ ఒకరుంటారు. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు 'మంచి కోణం, దీని గురించి బయట వివరంగా మాట్లాడుకుందాం' అని చైర్ వైపు చూడండి. ఆపడం చైర్ పని, మీది కాదు. ఎవరైనా కటువుగా అడిగితే మాత్రం ఆ కటుత్వాన్ని వదిలేసి, లోపల ప్రశ్న ఉంటే దానికి మాత్రమే జవాబు చెప్పండి. చాలాసార్లు ఉంటుంది కూడా.

సమయం మించిపోతున్నట్టు మధ్యలో తెలిస్తే?

వేగం పెంచకండి. ఏ స్లయిడ్లు వదిలేయొచ్చో ఇంట్లోనే గుర్తు పెట్టుకుని ఉంటే, వాటిని దాటి నేరుగా ముగింపుకి వెళ్లొచ్చు. పవర్‌పాయింట్‌లో స్లయిడ్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే అక్కడికే వెళ్తుంది, కాబట్టి ముగింపు స్లయిడ్ నంబరు అట్ట ముక్క మీద రాసుకోండి. 'సమయం లేదు కాబట్టి' అని మూడుసార్లు చెప్పేవాళ్లున్నారు. ఆ సమయంలో ఒక ఫలితం చెప్పొచ్చు.

మీకు మించిన నిమిషం తర్వాతి వక్తది. చైర్ ఊరుకున్నా అది మర్యాద కాదు.

హాల్లో కంప్యూటర్ మొండికేస్తే?

వేస్తుందనే అనుకుని వెళ్లండి. ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మీ మెయిల్‌లో ఒకటి, రెండు చోట్లా పీడీఎఫ్ ప్రతి కూడా. తెలుగు అక్షరాలున్న స్లయిడ్లయితే పీడీఎఫ్ మరీ తప్పనిసరి. మీ ఫాంట్ ఆ కంప్యూటర్లో లేకపోతే ఒత్తులు విడిపోయి, అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. వీడియో ఉంటే అది ఆడదనుకుని, దానిలోంచి రెండు ఫొటోలు తీసి పెట్టుకోండి. తెర వైపు నుంచి జనం దృష్టి మీ వైపు తిప్పుకోవాలంటే కీబోర్డు మీద బి అక్షరం నొక్కండి, తెర నల్లబడుతుంది. మళ్లీ నొక్కితే తిరిగొస్తుంది.

ప్రొజెక్టర్ అసలే వెలగకపోతే? మొదట్లో రాసుకున్న ఆ ఒక్క వాక్యం గుర్తుంటే బోర్డు మీద ఒక బొమ్మ గీసి పని నడిపించొచ్చు.

ఆన్‌లైన్‌లో అయితే ఏం మారుతుంది?

ముఖాలు కనిపించవు, నవ్వులు వినపడవు, గోడతో మాట్లాడినట్టుంటుంది. కెమెరా పక్కన ఒక స్నేహితుడి ఫొటో అంటించుకుని మాట్లాడేవాళ్లు నాకు తెలుసు, పనిచేస్తుందట. కెమెరా కన్నా మైక్ ముఖ్యం. బొమ్మ మసకగా ఉన్నా వింటారు, మాట తెగితే వెళ్లిపోతారు. తెర షేర్ చేసే ముందు నోటిఫికేషన్లు ఆపేయండి.

గ్రూపుగా చెప్పాలంటే?

మనిషికి నాలుగు స్లయిడ్లని పంచుకోవడం చెడ్డ పద్ధతి. వాదనలోని భాగాల్ని బట్టి పంచుకోండి, ముగ్గురికి మించి మాట్లాడొద్దు. ప్రశ్నలు వచ్చినప్పుడు ఎవరు దేనికి జవాబు చెప్పాలో ముందే అనుకోండి, లేకపోతే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

మూడు నిమిషాల థీసిస్ పోటీ, పెచకుచ లాంటివి ఎలా ఉంటాయి?

మొదటిది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైంది: మూడు నిమిషాలు, కదలని ఒకే ఒక్క స్లయిడ్. రెండోది టోక్యోలో 2003లో పుట్టింది: 20 స్లయిడ్లు, ఒక్కోటీ 20 సెకన్లు, వాటంతటవే మారిపోతాయి, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. పోటీలో పాల్గొనకపోయినా మీ పనిని మూడు నిమిషాల్లో చెప్పి చూడండి. 12 నిమిషాల ప్రెజెంటేషన్‌లో ఏది ఎముకో ఏది కండో తెలిసిపోతుంది.

వైవాకీ కాన్ఫరెన్స్‌కీ తేడా ఉందా?

ఉంది. కాన్ఫరెన్స్‌లో మీ పేపర్ ఎవరూ చదివి ఉండరు, వైవాలో పరీక్షకులు థీసిస్ మొత్తం చదివే వస్తారు. కాబట్టి నేపథ్యం ఇంకా తగ్గించి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో, ఎక్కడ పరిమితులున్నాయో మీరే ముందు చెప్పండి. వాళ్లు వేలు పెట్టే చోటు మీకూ తెలుసని వాళ్లకి తెలియాలి. మీ థీసిస్‌ని వైవాకి ముందు రోజు మళ్లీ చదవండి. రాసింది మనమే కదా అని చదవకుండా వెళ్లి, సొంత పట్టిక ముందే బిక్కమొహం వేసినవాళ్లని చూశాను.

అంతా అయ్యాక ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాది బాగాలేనట్టేనా?

చెప్పలేం. భోజనం వేళ కావొచ్చు, అందరికీ అర్థమై ఉండొచ్చు, ఎవరికీ అర్థం కాకపోయి ఉండొచ్చు. గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కల మీద తన ఫలితాల్ని 1865 ఫిబ్రవరి 8న, మార్చి 8న ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న బ్రనో నగరపు ప్రకృతి శాస్త్ర సంఘం సమావేశాల్లో చదివాడు. మరుసటి ఏడాది అచ్చులో కూడా వచ్చింది. దాని విలువ శాస్త్రలోకానికి తెలిసింది 1900లో, అప్పటికి ఆయన పోయి పదహారేళ్లు.

మీరు అంతకాలం ఆగనక్కర్లేదు. టీ విరామంలో ముందు వరసలో కూర్చున్న ఒకరి దగ్గరికి వెళ్లి, ఎక్కడ అర్థం కాలేదో అడగండి. మొహమాటపడితే గ్రాఫ్ చూపించిన చోటు గురించి అడగండి, సాధారణంగా అక్కడే ఉంటుంది.